33 వారాలకు భయపెట్టిన రీడింగ్, 36 వారాలకు నిజమైంది: ఒక ఎంసీఏ డాప్లర్ కేసు

ఆమె నా దగ్గరికి వచ్చేసరికి 33 వారాల 4 రోజులు. రెండో కాన్పు. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో మూడు స్కాన్ రిపోర్టులు, వాడేసిన రెండు ఇంజెక్షన్ల ఖాళీ పెట్టెలు (ఎందుకు దాచుకుందో గానీ దాచడమే మంచిదయింది), పక్కన భర్త, వెనకాల అత్తగారు. ఇల్లందు వైపు పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి ఖమ్మం వచ్చారు. కూర్చోకముందే భర్త అడిగిన మొదటి మాట: "మేడమ్, లోపల బిడ్డకి సీపీఆర్ తక్కువ ఉందంట, అంటే గుండె మీద ఒత్తాల్సి వస్తదా?"

నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. తప్పు అతనిది కాదు. సీపీఆర్ అంటే టీవీలో, ఫోన్లో చూసేది ఛాతీ మీద ఒత్తే సీపీఆరే. మా డాప్లర్ స్కాన్ (రక్తం పారే వేగాన్ని కొలిచేది) భాషలో మాత్రం అది సెరిబ్రో ప్లాసెంటల్ రేషియో, అంటే బిడ్డ మెదడుకి రక్తం తీసుకెళ్ళే ఒక ధమని రీడింగ్‌ని బొడ్డుతాడు ధమని రీడింగ్‌తో భాగిస్తే వచ్చే అంకె. మామూలుగా మెదడు వైపు పీఐ (ఆ రీడింగ్ పేరు, కింద వివరిస్తాను) ఎక్కువ, తాడు వైపు తక్కువ, కాబట్టి చివరి నెలల్లో ఈ అంకె 1 కంటే బాగా పైనే ఉంటుంది. బిడ్డకి ఆక్సిజన్ సరిపోనప్పుడు మెదడు తన రక్తనాళాల్ని వెడల్పు చేసుకుని ఉన్నదాంట్లో ఎక్కువ వాటా లాక్కుంటుంది, చేతులకీ కాళ్ళకీ పేగులకీ కిడ్నీలకీ తగ్గిస్తుంది, అప్పుడు మెదడు వైపు పీఐ పడిపోతుంది, సీపీఆర్ పడిపోతుంది. దీన్నే బ్రెయిన్ స్పేరింగ్ అంటాం. ఆ రిపోర్టులో కింద బోల్డ్ అక్షరాల్లో రాసి ఉన్నది ఆ రెండు మాటలే.

మూడు రోజుల క్రితం వేరే ఊళ్ళో చేసిన స్కాన్ అది. బరువు అంచనా 15వ సెంటైల్ (అదే వారాల వంద మంది బిడ్డల్ని బరువు వరసలో పెడితే కిందినుంచి 15వ స్థానం), ఉమ్మనీరు సరిపడా, తాడు ధమని పీఐ 0.95 నార్మల్, మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ, అంటే మేం ఎంసీఏ అనేది, దాని పీఐ 1.38. భాగిస్తే సీపీఆర్ 1.45. నేను వాడే చార్టులో ఆ వారానికి ఎంసీఏ పీఐ 5వ సెంటైల్ కిందకి వస్తుంది. "వెంటనే కాన్పు చేయాల్సి రావచ్చు" అన్నారట, ఊపిరితిత్తుల కోసం బీటామెథజోన్ 12 మిల్లీగ్రాములు రెండు రోజులు రెండు డోసులు వేశారు. ఆ తర్వాత రోజు నుంచి బిడ్డ కదలడం తగ్గింది. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇక్కడికి పరిగెత్తుకొచ్చింది అందుకే.

కాగితం మీద చూస్తే కథ ముగిసినట్టే ఉంది కదా: మెదడు రక్తప్రవాహం మారింది, తర్వాత కదలికలు తగ్గాయి, ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని కాసేపు గీతగా తీసే పరీక్ష) పెడితే గుండె చప్పుడు గీత కూడా కాస్త చదునుగానే వచ్చింది. బేస్‌లైన్ 138, ఎగుడుదిగుడు 5 చుట్టూ, 40 నిమిషాల్లో ఒకే ఒక్క చిన్న యాక్సిలరేషన్ (గుండె వేగం కాసేపు పెరగడం), కదలిక తెలిసినప్పుడు నొక్కమన్న బటన్ ఆవిడ నొక్కింది రెండుసార్లు. మూడూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. అలాంటప్పుడు చెయ్యి కత్తి వైపు వెళ్ళిపోతుంది, అది నాకూ తెలుసు.

నేను మాత్రం ఆ పాత ఫిల్మ్ తీసి లైటుకి ఎదురుగా పట్టుకున్నాను. డాప్లర్ అలల పక్కన మిషనే ఓ నాలుగైదు అంకెలు వేస్తుంది: పీఎస్, ఈడీ, పీఐ, ఆర్‌ఐ, చివర్న హెచ్‌ఆర్, అంటే ఆ క్షణపు గుండె వేగం. ఆ చివరి అంకెని ఎవరూ చదవరు, రిపోర్టులోకి టైపు కూడా చేయరు. అక్కడ 171 అని ఉంది.

ఆవిడనే అడిగాను, ఆ రోజు స్కాన్ చేస్తున్నప్పుడు బిడ్డ ఎలా ఉందమ్మా అని. "తన్నుతూనే ఉంది మేడమ్, ఆమె మిషన్ పెట్టడం, బిడ్డ పక్కకి తిరగడం, మళ్ళీ పెట్టడం, చాలాసేపు పట్టింది" అంది. అంతే, నాకు కావాల్సింది దొరికింది.

ఇక్కడ కొంచెం ఆగి అసలు సంగతి చెప్పాలి. పీఐ అంటే గుండె కొట్టినప్పుడు వచ్చే గరిష్ఠ వేగంలోంచి, తర్వాతి కొట్టుకోవడానికి ముందు మిగిలే కనిష్ఠ వేగాన్ని తీసేసి, సగటు వేగంతో భాగించడం. గుండె నిమిషానికి 140 సార్లు కొడితే ఒక్కో కొట్టుకోవడానికీ దాదాపు 430 మిల్లీసెకన్లు ఉంటుంది, వేగం కిందికి జారడానికి తీరిక ఉంటుంది. 170 కొడితే 350 మిల్లీసెకన్లే. అల పూర్తిగా కిందికి దిగేలోపే తర్వాతిది వచ్చి పడుతుంది, కనిష్ఠ వేగం పైనే ఉండిపోతుంది, పీఐ తగ్గుతుంది. రక్తనాళంలో ఏ మార్పూ లేకపోయినా తగ్గుతుంది! ఇది వట్టి లెక్క వల్ల వచ్చే తేడా. దీని మీద ఇంకోటుంది. బిడ్డ కదిలేటప్పుడు, కళ్ళు కదుపుతూ ఉండే చురుకు నిద్రలో (2ఎఫ్ అంటారు, 1982లో నైహౌస్ వాళ్ళు ఈ నాలుగు స్థితుల్నీ వర్గీకరించారు), మెదడు నిజంగానే ఎక్కువ పని చేస్తుంది, ఎక్కువ రక్తం తీసుకుంటుంది, నాళాలు నిజంగానే వదులవుతాయి. గాఢ నిద్రలో, అంటే 1ఎఫ్‌లో, అది తగ్గుతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి కూడా పావుగంట తేడాలో ఎంసీఏ పీఐ రెండు రకాలుగా రావచ్చు.

నేను జూనియర్లకి చెప్పేది ఏంటంటే, గుండె వేగంగా కొడుతూ కాళ్ళాడిస్తున్న బిడ్డలో పీఐ తక్కువుంటే ఆ మెదడు ఆడుకుంటోంది, గుండె గీత చదునై కదలకుండా పడుకున్న బిడ్డలో పీఐ తక్కువుంటే ఆ మెదడు దాచుకుంటోంది. అంకె ఒకటే. అందుకే డాప్లర్ కొలిచేది బిడ్డ కదలకుండా, ఊపిరి తీస్తున్నట్టు ఛాతీ ఆడించకుండా ఉన్నప్పుడే అని ఏ గైడ్‌లైన్ చూసినా రాసి ఉంటుంది. కానీ బయట ఇరవై మంది నీళ్ళు తాగి కడుపులు పట్టుకుని కూర్చుని ఉంటే ఎవరు ఆగుతారు? నేనూ ఆగని రోజులున్నాయి, అబద్ధం ఎందుకు.

మరి తగ్గిన కదలికలో? ఆ ఖాళీ పెట్టెలు ఉపయోగపడింది ఇక్కడే. బీటామెథజోన్ వేశాక రెండు మూడు రోజులు బిడ్డ కదలికలూ, గుండె చప్పుడులో ఎగుడుదిగుడూ, ఊపిరి ఆడించడమూ తగ్గుతాయి, నాలుగో రోజుకల్లా మామూలుకి వస్తాయి. ఇంజెక్షన్ వేసినవాళ్ళు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కుటుంబం రెండు రాత్రులు నిద్రపోయేది.

గర్భిణి స్కాన్‌కి చట్టప్రకారం నింపాల్సిన ఫారం ఎఫ్ నింపి బల్ల మీద పడుకోబెట్టాను. మొదటి పది నిమిషాలు ఏమీ కొలవలేదు, ఊరికే చూశాను. ఇది నాకు అలవాటు, టైమ్ వేస్ట్ అంటారు గానీ నాకు అందులోనే సగం జవాబు దొరుకుతుంది. పిడికిలి విప్పింది, మూసింది. ఛాతీ ఒక అర నిమిషంపైన లయగా ఆడింది. వెన్ను ఒకసారి విరుచుకుంది. ఉమ్మనీటి లోతైన జేబు 4.1 సెంటీమీటర్లు. తర్వాత బిడ్డ నెమ్మదించాక తలని అడ్డంగా పట్టి, కలర్ వేస్తే సర్కిల్ ఆఫ్ విల్లిస్ (మెదడు అడుగున ఉండే ధమనుల వలయం) వెలిగింది, ప్రోబ్‌కి దగ్గరగా ఉన్న ఎంసీఏలో, అది పుట్టే చోటికి దగ్గరగా మొదటి మూడోవంతులో గేట్ (మిషన్ వేగం కొలిచే చిన్న గుర్తు) పెట్టాను. చెయ్యి తేలిగ్గా ఉంచాలి. తల మీద ప్రోబ్ నొక్కితే డయాస్టోల్ (రెండు కొట్టుకోవడాల మధ్య) ప్రవాహం తగ్గి పీఐ పెరుగుతుంది, నిజంగా చెడు ఉన్నా మంచిగా కనిపిస్తుంది, ఇది వెనకటి తప్పుకి సరిగ్గా రివర్స్ తప్పు. ఎంసీఏ పీఐ 1.81, తాడు 0.94, సీపీఆర్ 1.93, గుండె 136.

స్టెరాయిడ్ ప్రభావం రీడింగ్ మీద కూడా ఉండొచ్చని మళ్ళీ నాలుగు రోజులకి రమ్మన్నాను. అప్పుడు 1.76, గుండె 141, ఎన్‌ఎస్‌టీ 20 నిమిషాల్లోనే నాలుగు యాక్సిలరేషన్లు, కదిలిన ప్రతిసారీ గీత గోపురంలా లేచి దిగింది. 32 వారాలు దాటిన బిడ్డలో కదలికతో పాటు గుండె కనీసం 15 పెరిగి 15 సెకన్లు నిలబడితే అది లెక్కలోకి వస్తుంది. ఇంత నాజూకైన జత కుదరాలంటే మెదడుకాండం, దాని నరాలు, గుండె అన్నీ ఆక్సిజన్ తిని పని చేస్తుండాలి. అందుకే నాకు ఒక్క డాప్లర్ అంకె కంటే ఆ గోపురాలంటేనే గురి ఎక్కువ. "కంగారు పడకండి, బిడ్డ బాగానే ఉంది, రెండు వారాలకోసారి గ్రోత్ చూద్దాం" అని పంపించాను.

ఇదే ధమనిని మనం ఇంకో పనికీ వాడతాం, అది వేరే కథ, కానీ చాలామంది కలిపేస్తారు కాబట్టి ఒక మాట. ఆర్‌హెచ్ పడని కేసుల్లో బిడ్డకి రక్తహీనత వచ్చిందా అని చూసేది ఎంసీఏలో గరిష్ఠ వేగం, పీఐ కాదు. రక్తం పల్చబడితే వేగం పెరుగుతుంది, ఆ వారానికి ఉండాల్సిన మధ్యస్థానికి 1.5 రెట్లు దాటితే అనుమానం. 2000లో మారి బృందం ఇది చూపించాక పొట్టలోకి సూదులు గుచ్చడం చాలా తగ్గింది. అక్కడ డాప్లర్ కిరణానికీ ధమనికీ మధ్య కోణం సున్నాకి దగ్గరగా ఉండాలి, పీఐ నిష్పత్తి కాబట్టి దానికి కోణం పట్టింపు లేదు. 35 వారాలు దాటాక, అందులోనూ కదులుతున్న బిడ్డలో, ఆ వేగం కూడా ఊరికే ఎక్కువ చూపిస్తుంది. ఈమె బీ పాజిటివ్, యాంటీబాడీలు లేవు, ఆ బాధ లేదు.

35 వారాల గ్రోత్‌లో బరువు 15 నుంచి 11కి జారింది, డాప్లర్ నార్మల్. ఆవిడ ఎత్తు 148 సెంటీమీటర్లు, మొదటి పాప 2.3 కిలోలు, చిన్న తల్లికి చిన్న బిడ్డ అనుకోవడం సులువు. నేనూ కొంత అనుకున్నాను.

36 వారాల 4 రోజులు, గురువారం, సాయంత్రం ఆరింటికి ఫోన్. "మేడమ్, కదుల్తోంది, కదలడం ఆగలేదు, కానీ ముందు తన్నేది, ఇప్పుడు తన్నట్లేదు. పక్క మీద ఒత్తిగిల్లినట్టు మెత్తగా ఉంటోంది." ఎప్పటినుంచి అంటే మంగళవారం నుంచి. రెండు రోజులు ఎందుకు ఆగారమ్మా అంటే, అత్తగారు నెలలు నిండుతుంటే కదలడానికి చోటుండదు అన్నారట, భర్త పోయినసారి కూడా ఇలాగే భయపడి వెళ్తే మేడమ్ ఏం లేదన్నారు కదా అన్నాడట. నాన్నా పులి కథ. మొదటి రిపోర్టు పులి రాకుండానే అరిచింది, నేను పులి లేదని పంపించాను గానీ, నిజంగా వస్తే ఎలా ఉంటుందో, ఏది కనిపిస్తే అర్ధరాత్రయినా బయల్దేరాలో విడమర్చి చెప్పలేదు. ఇది నా తప్పే, ఈ కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నదీ ఇదే.

చోటుండదు అన్నది నిజం కాదు, అది మాత్రం గట్టిగా చెప్తాను. చివరి వారాల్లో తన్నుల తీరు మారవచ్చు, దొర్లడం, నెట్టడం ఎక్కువ కావచ్చు, కానీ రోజుమొత్తం చురుకు తగ్గిపోకూడదు. ఆక్సిజన్ కొరత మెల్లగా వచ్చినప్పుడు బిడ్డ చేసేది పొదుపు. ఖర్చు ఎక్కువయ్యేది కండరాలకి కాబట్టి ముందు తన్నులు తగ్గిస్తుంది. గుండె గీతలో గోపురాలు పోతాయి, ఆ తర్వాత ఊపిరి ఆడించడం, తర్వాత మిగిలిన ఒంటి కదలికలు, చివర్న ఒంటి బిగువు. గర్భంలో ఏది ముందు ఏర్పడిందో అది చివరిదాకా నిలుస్తుంది. ఆవిడ "మెత్తగా" అన్న మాట ఈ వరసలో ఎక్కడుందో మీరే చూడండి.

ఎనిమిదిన్నరకి వచ్చారు. ఎన్‌ఎస్‌టీ బేస్‌లైన్ 150, ఎగుడుదిగుడు 5 లోపు, 40 నిమిషాల్లో యాక్సిలరేషన్ ఒక్కటీ లేదు, డిసిలరేషన్లూ (గుండె వేగం పడిపోవడాలు) లేవు. నిద్రేమో అనుకోవచ్చు, గాఢ నిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు ఉంటుంది, ఇంకాస్త సాగొచ్చు. ఇంకో 40 నిమిషాలు పెట్టాను. అదే గీత. ఈసారి ఆవిడకి జ్వరం లేదు, గర్భసంచి బిగుతుకని ఇచ్చే ఐసోక్సుప్రిన్ లాంటి మాత్రలు వాడట్లేదు (అవి గుండె వేగాన్ని పెంచుతాయి, అడగడం మర్చిపోకండి), స్టెరాయిడ్ వేసి మూడు వారాలు దాటింది. సాకులేవీ మిగల్లేదు.

స్కాన్‌లో బరువు 2.2 కిలోల లోపు, పొట్ట చుట్టుకొలత 5వ సెంటైల్, నీళ్ళ జేబు 2.6. తాడు ధమని పీఐ 0.98. ఇది నార్మల్! రిపోర్టులో ఈ ఒక్క లైను మాత్రమే చూసేవాళ్ళు ఇక్కడ ఇంటికి పంపిస్తారు. 32 వారాల తర్వాత వచ్చే ఎదుగుదల లోపంలో మాయ మొత్తం పాడవదు, అక్కడక్కడా చెడుతుంది, తాడు ధమనిలో తేడా కనిపించాలంటే మాయలో దాదాపు మూడోవంతు రక్తనాళాలు దెబ్బతినాలి అంటారు. ఆలోపే నెలలు నిండుతున్న పెద్ద మెదడుకి ఆక్సిజన్ చాలదు. అందుకే 2016లో నిపుణులు ఏకాభిప్రాయంతో చేసిన డెల్ఫీ నిర్వచనంలో ఆలస్యపు ఎదుగుదల లోపానికి సీపీఆర్‌ని కూడా చేర్చారు.

ఎంసీఏ పీఐ 1.02. గుండె 148, బిడ్డ కదలట్లేదు, ఛాతీ ఆడట్లేదు. సీపీఆర్ 1.04. మూడు వారాల క్రితం చేసిన హడావుడి గుర్తుండి నమ్మబుద్ధి కాలేదు, ఆవిడని ఎడమ పక్కకి తిప్పి, అరగంట ఆగి, మళ్ళీ కొలిచాను. 1.05. గుండె 146. అరగంటలో ఛాతీ ఒక్కసారి కూడా 30 సెకన్లు ఆడలేదు, ఒళ్ళు ఒకే ఒక్కసారి కదిలింది, వేళ్ళు మాత్రం ముడుచుకునే ఉన్నాయి, బిగువు ఇంకా పోలేదు. డక్టస్ వీనోసస్ (బొడ్డుతాడు రక్తాన్ని బిడ్డ గుండె వైపు తీసుకెళ్ళే చిన్న సిర) ఏ వేవ్ బాగుంది, ఈ వారాల్లో అది చెడేదాకా ఆగితే చాలా ఆలస్యమైనట్టే.

సీపీఆర్ చూసి అందర్నీ కోసేయమని నేను అనను. 2024లో వచ్చిన రేషియో37 ట్రయల్‌లో, తక్కువ రిస్కున్న తల్లుల్లో ఈ అంకె చూసి 37 వారాల నుంచి కాన్పు చేయించినా శిశు మరణాలు తగ్గినట్టు తేలలేదు. కదలికల గురించి అవగాహన పెంచి త్వరగా కాన్పులు చేస్తే చాలనుకున్న ఆఫర్మ్ ట్రయల్ 2018లో అదే మాట చెప్పింది. ఒక్కో గుర్తు ఒంటరిగా బలహీనమే. కానీ ఇక్కడ తగ్గిన ఎదుగుదల, తగ్గిన తన్నులు, 80 నిమిషాల చదును గీత, విశ్రాంతిలో రెండుసార్లు కొలిచినా పడిపోయిన ఎంసీఏ, నాలుగూ ఒకదానికొకటి సాక్ష్యం. ఎవరైనా ఇంకా రెండ్రోజులు చూద్దామంటే నేను ఒప్పుకోను.

నొప్పులు తెప్పిద్దామా అన్నది పెద్ద చర్చే అయింది. మొదటిది మామూలు కాన్పు, ఆవిడకీ అదే ఇష్టం. బిషప్ స్కోర్ (గర్భసంచి ముఖద్వారం కాన్పుకి ఎంత సిద్ధంగా ఉందో చెప్పే అంకె) 3, అంటే ఇంకా సిద్ధంగా లేదు. ఫోలే (ముఖద్వారాన్ని తెరిపించే బెలూన్ గొట్టం) పెట్టి, సీటీజీ (గుండె గీతా, బిగుతులూ కలిపి తీసే మిషన్) ఆపకుండా చూస్తూ ప్రయత్నిద్దామని మొదలుపెట్టబోతుండగా, తనంతట తానే వచ్చిన చిన్న బిగుతుకి గుండె 150 నుంచి 115కి దిగి, మెల్లగా, బిగుతు పోయాక గానీ పైకి రాలేదు. పది నిమిషాలకి ఇంకో బిగుతు, మళ్ళీ అదే. ఒక్కో నొప్పికీ మాయలో రక్తం కాసేపు ఆగుతుంది, నిండుగా ఉన్న బిడ్డ ఆ కాసేపు ఓర్చుకుంటుంది, ఈమె కడుపులో ఉన్నదానికి ఖాతాలో ఏమీ లేదు. భర్తని పిలిచి గీత చూపించాను. "మీ ఇష్టం మేడమ్" అన్నాడు. అత్తగారు అడిగిన ప్రశ్న వేరు: "అప్పుడు లేనిది ఇప్పుడెట్ల వచ్చింది డాక్టరమ్మా?" రెండు ఫిల్మ్‌లూ పక్కపక్కన పెట్టి, ఇదిగో అప్పుడు బిడ్డ పరిగెత్తుతుంటే ఫొటో తీశారు, ఇప్పుడు పడుకున్నప్పుడు తీశాం, పరిగెత్తేటప్పుడు ఆయాసం మామూలే, పడుకున్నప్పుడు ఆయాసం వస్తే జబ్బు అన్నాను. తలూపింది. నా ఎండీ చదువు మొత్తంలో ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు, నేను కూడా ఆ రాత్రే మొదటిసారి అలా చెప్పాను.

రాత్రి పన్నెండుకి సిజేరియన్. ఆడపిల్ల, 2.08 కిలోలు, వెంటనే ఏడ్చింది, ఆప్గార్ (పుట్టగానే బిడ్డ స్థితికి పదికి వేసే మార్కులు) 7, 9, తాడు ధమని రక్తంలో పీహెచ్ 7.18. మాయ చిన్నది, 340 గ్రాములు, అంచుల్లో తెల్లగా గట్టిపడ్డ ఇన్‌ఫార్క్ట్‌లు (రక్తం అందక చచ్చిన భాగాలు) మూడు. రెండు గంటలకి షుగర్ 38, ముర్రుపాలు పిండి గోకర్ణంతో పట్టించాం, తర్వాత 56. మూడు రోజులు వెచ్చగా తల్లి గుండెల మీదే ఉంచి, కామెర్లు గమనించి పంపించాం.

ఆ తర్వాత మా సెంటర్ రిపోర్టు ఫార్మాట్‌లో రెండు గళ్ళు కలిపాను. ఎంసీఏ పీఐ పక్కనే ఆ క్షణపు గుండె వేగం, దాని కింద "కొలిచినప్పుడు బిడ్డ: కదలట్లేదు / కదులుతోంది". రిసెప్షన్‌లో పంచే కాగితంలో "మెత్తగా కదులుతున్నా సరే, తన్నులు తగ్గితే ఆ రోజే రండి" అని ఒక లైను. ఆ లైను చదివి గత నెలలో పదకొండు మంది వచ్చారు. తొమ్మిదిమందికి ఏమీ లేదు, టీ తాగి ఇంటికెళ్ళారు.